లిపి మందమా? యంత్రము మందమా?



కార్యాలయములలో కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేయువారికి ఒక విచిత్రమైన అనుభవము కలదు. ఇంగ్లీషులో లేఖ వ్రాయునపుడు మీట నొక్కినంతనే అక్షరము తెరపై నిలుచును. అదే యంత్రములో, అదే పత్రములో చీనా, జపాను, కొరియా భాషలలో నేదైన వ్రాయబూనినచో వ్రేలు ముందు పోవును. అక్షరము వెనుక నడచును. ఒక్కొక్కప్పుడు తెర కదలక నిలిచి, పిమ్మట పది అక్షరములు ఒక్కమారుగ వచ్చి పడును. తూర్పు ఆసియాతో వర్తకము చేయు సంస్థలకును, ఆ భాషలు నేర్చు విద్యార్థులకును, టాంగ్రాలోను టిరెట్టా బజారులోను మిగిలియున్న చీనా కుటుంబములకును ఇది చిన్న చిక్కు కాదు. తెలుగులో టైపు చేయువారికి సైతము ఈ చిక్కు కొంత పరిచితమే.

ఈ ఆలస్యము చూచినవారు సాధారణముగా చెప్పు మాట యొకటి కలదు. “ఆ లిపులే అంత, యంత్రమునకు లొంగవు” అందురు. ఈ మాట పైకి తేలికగా కనబడును గాని దీని ఫలితము తేలిక కాదు. ఒక లిపి యంత్రమునకు లొంగదని నమ్మినవారు, ఆ లిపి కార్యాలయమునకు పనికిరాదని నమ్ముటకు ఎక్కువ కాలము పట్టదు. కాబట్టి మందమైనది లిపియా, యంత్రమా యని విచారించుట అవసరము. ఈ విచారమునకు కోల్‌కతాకంటె తగిన స్థలము దొరకుట కష్టము. ఏలయన తెలుగు అక్షరములును చీనా అక్షరములును ఈ నగరపు చేరువలోనే ఒకే అచ్చుకూటములో పోతపోయబడినవి.

ఆ అచ్చుకూటము శ్రీరామపురములోనిది. కోల్‌కతాకు ఉత్తరముగా, హుగ్లీ నది పడమటి యొడ్డున, అప్పటికి డేనుల పాలనలో నుండిన ఆ ఊరిలో 1800లో విలియం కేరీ, జోషువా మార్ష్‌మన్, విలియం వార్డు అను మిషనరీలు ముద్రణాలయమును స్థాపించిరి. అక్షరములను చెక్కి పోతపోయు పని పంచానన కర్మకారు, అతని యల్లుడు మనోహర కర్మకారు అను బెంగాలీ పనివారి చేతులలో నుండెను. 1812 మార్చిలో అగ్నిప్రమాదము సంభవించి అక్షరములు, కాగితము, వ్రాతప్రతులు విశేషముగా దగ్ధమైనను పని నిలిచిపోలేదు. 1814లో కేరీ రచించిన తెలుగు వ్యాకరణ మచ్చటనే వెలువడెను. ఆ సంవత్సరమే మార్ష్‌మన్ చీనా వ్యాకరణమును అచ్చట అచ్చొత్తించెను. చీనా పుటలను మొదట చెక్కదిమ్మలపై చెక్కించి, తరువాత లోహపు టక్షరములు పోతపోయించిరి. మకావునుండి వచ్చిన లాసరు అను అర్మేనియనుని సాయముతో మార్ష్‌మన్ చేసిన చీనా బైబిలు అనువాదము 1822 నాటికి పూర్తిగా ముద్రింపబడెను.

ఈ చరిత్రలో గమనింపదగిన సంగతి యొకటి కలదు. ఇంగ్లీషు అచ్చునకు ఇరువదియారు అక్షరములు, పెద్దవి చిన్నవి, అంకెలు, విరామచిహ్నములు చాలును. కంపోజిటరు ముందు రెండు కేసులు పెట్టిన పని జరుగును. తెలుగునకు గుణింతములు, ఒత్తులు కలుపుకొని కొన్ని వందల అచ్చులు కావలెను. చీనాకు వేలకొలది కావలెను. అయినను కర్మకారులు ఈ లిపులు లొంగవని చేతులు కట్టుకొని కూర్చుండలేదు; లిపికి తగినట్లు కేసులను, పోతను, పనితీరును మార్చుకొనిరి.

టైపురైటరు వచ్చినపుడు ఈ ప్రశ్నయే మరల తలయెత్తెను. ఒక మీటకు ఒక అక్షరము అను నియమముపై నిర్మింపబడిన యంత్రమది. తెలుగు టైపురైటరులో గుడులు, కొమ్ములు, ఒత్తులు వేరువేరు మీటలపై నుంచి ఎట్లో సర్దుకొనిరి. చీనాకు ఆ మార్గము కుదరలేదు. షాంఘైలోని కమర్షియల్ ప్రెస్సు 1919 ప్రాంతమున తయారుచేసిన చీనా టైపురైటరునకు మీటలే లేవు. సుమారు 2500 అచ్చు టక్షరములు పేర్చిన పళ్లెముపై పనివాడు ఒక చేతికఱ్ఱను నడిపి, కావలసిన అక్షరమును పట్టి, కాగితముపై కొట్టవలసియుండెను. 1950లలో చీనా టైపిస్టులు ఒక యుక్తి కనుగొనిరి. తఱచుగా కలసివచ్చు అక్షరములను పళ్లెములో ప్రక్కప్రక్కన పేర్చుకొనిరి. చేయి నడువవలసిన దూరము తగ్గెను, వేగము పెరిగెను. నేడు ఫోనులు తరువాతి మాటను ముందుగా ఊహించి చూపు పద్ధతికి ఇది పూర్వరూప మనవచ్చును.

దీనికి కొంచెము ముందుగా, 1947లో, లిన్ యూటాంగ్ అను ప్రసిద్ధ చీనా రచయిత అమెరికాలో మరియొక యంత్రమును చేయించెను. దానికి 72 మీటలు. రెండు మీటలు నొక్కినచో చిన్న గవాక్షములో ఎనిమిది వరకు అక్షరములు కనబడును. వానిలో కావలసినదానిని అంకె మీటతో ఎన్నుకొనవలెను. ఆ యంత్రము అంగడికి రాలేదు. అతనికి మిగిలినవి అప్పులు. ఏకైక నమూనా చాలకాలము కానరాక, 2025లో న్యూయార్కు ప్రాంతమున ఒక ఇంటి నేలమాళిగలో బయటపడి, స్టాన్‌ఫోర్డు విశ్వవిద్యాలయమునకు చేరెను. నేడు కంప్యూటరులో చీనా వ్రాయువారు విశేషముగా అనుసరించు పద్ధతి, అనగా కొన్ని మీటలు నొక్కి, చూపబడిన అక్షరములలో ఒకదానిని ఎన్నుకొనుట, ఆ యంత్రములోనిదే.

కోల్‌కతాలో ఈ కష్టమునకు ఒక పత్రిక సాక్షిగ నిలిచినది. టాంగ్రాలో 1969లో స్థాపింపబడిన చీనా దినపత్రిక, ‘సియాంగ్ పౌ’ అని వ్యవహరింపబడినది, చాలకాలము చేతివ్రాతతోనే వెలువడెను. వేలకొలది అచ్చులు పోతపోయించి కేసులలో నింపుట చిన్న పత్రికకు సాధ్యమగు వ్యయము కాదు. పుటలను చేత వ్రాసి అచ్చొత్తుటే సులభమయ్యెను. కంప్యూటరు వచ్చిన పిమ్మటనే ఆ వ్రాతగాని చేతికి విశ్రాంతి కలిగెను.

అయితే కంప్యూటరు పుట్టినది ఈ లిపులకొరకు కాదు. విదేశమునుండి భారతదేశమునకు వచ్చిన తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటరు 1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థలో అడుగుపెట్టెను. దానికి అంకెలతోనే పని. అమెరికాలో 1963లో ఏర్పడిన ఆస్కీ అను ప్రమాణములో మొత్తము 128 స్థానములే. ఇంగ్లీషునకు అవి చాలును. జపాను 1978లో ఆరువేలకు పైగా చిత్రాక్షరములకు సంఖ్యలు కేటాయించెను. చీనా ప్రభుత్వము 1980లో 6763 అక్షరములకు సంఖ్యలిచ్చెను. భారతదేశములో 1991లో ‘ఇస్కీ’ అను ప్రమాణము ఏర్పడెను. ప్రపంచ లిపులన్నిటికి ఒకే పట్టికగా 1991లో వెలువడిన యూనికోడులో తెలుగునకు 128 స్థానములు లభించినవి. చీనా చిత్రాక్షరములు నేడు అందులో తొంబదివేలకు మించియున్నవి. ఒక ఫాంటులో 65,535 ఆకృతులకంటె ఎక్కువ పట్టవు గనుక, ఆ యక్షరములన్నియు ఒక ఫాంటులో ఇముడనే యిముడవు.

ఇప్పుడు ఆలస్యము ఎచ్చట పుట్టునో చూడవచ్చును. కేంద్రప్రభుత్వ నియామక పరీక్షలలో ఇంగ్లీషు టైపునకు నిమిషమునకు 35 మాటలు ప్రమాణము. గంటకు 10,500 నొక్కులు. అనగా ఒక నొక్కునకు మూడవవంతు సెకను దొరకును. పదవవంతు సెకనులో ఫలితము కనబడినచో అది తక్షణమే జరిగినట్లు మనుష్యునకు తోచునని 1968 నాటికే పరిశోధకులు చెప్పియున్నారు. కాబట్టి యంత్రము తన పని నంతయు పదవవంతు సెకనులో ముగింపవలెను. మూడవవంతు దాటినచో నొక్కులు ఒకదాని వెనుక ఒకటి వరుసకట్టును. తెర స్తంభించి, పిమ్మట అక్షరములు గుంపుగా వచ్చి పడుటకు కారణ మిదియే.

ఆ కొద్ది కాలములో జరుగవలసిన పని ఎంత? ఇంగ్లీషులో మీట నొక్కినచో అక్షరము వచ్చి ప్రక్కన చేరును, అంతటితో సరి. చీనాలో టైపిస్టు రోమను అక్షరములతో ఉచ్చారణను తెలుపును. ‘షి’ అని పలుకు అక్షరములే పదులకొలది కలవు. ప్రతి నొక్కునకును యంత్రములోని నిఘంటువును వెదకి, తగిన అక్షరముల పట్టికను గీసి చూపవలెను. టైపిస్టు ఎన్నుకొనువరకు పత్రములో ఉండునది తాత్కాలికమైన వ్రాత. మరియొక మీట నొక్కగానే దానిని తుడిచి క్రొత్తది వ్రాయవలెను. కార్యాలయ సాఫ్ట్‌వేరు ఈ తుడుపును వ్రాతను ప్రతిమారును నిజమైన మార్పుగా ఎంచినచో, పంక్తులను మరల విరువవలెను, పుటలను మరల లెక్కింపవలెను, వర్ణక్రమమును మరల సరిచూడవలెను. చీనాలోను జపానులోను మాటల నడుమ ఖాళీ లేదు. మాట ఎచ్చట ముగిసెనో యంత్రమే ఊహింపవలెను. కొన్ని విరామచిహ్నములు పంక్తి మొదట రాకూడదను నియమ మొకటి. టైపిస్టు ఎంచిన ఫాంటులో ఆ యక్షరము లేకున్న, యంత్రములోని తక్కిన ఫాంటులను గాలింపవలెను. ఒక్కొక్క పని స్వల్పమే. పెద్ద పత్రములో ప్రతి నొక్కునకును అన్నియు కూడినచో భారమగును.

తెలుగు సంగతి వేరైనను చుట్టరికము కలదు. ‘స్త్రీ’ అనునది చదువరి కంటికి ఒక్క అక్షరము. యంత్రమునకు అది సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము అను ఆరు సంకేతముల వరుస. ఒక్కొక్క సంకేతము చేరినకొలది యంత్రము వెనుకటి ఆకృతిని చెరిపి క్రొత్తదానిని కూర్చవలెను. బెంగాలీలో హ్రస్వ ఇకారపు గుర్తు హల్లునకు తరువాత టైపు చేయబడి, తెరపై హల్లునకు ముందు నిలుచును. లిబ్రే ఆఫీసు అను ఉచిత కార్యాలయ సాఫ్ట్‌వేరు ప్రపంచ లిపులను మూడు తెగలుగా విభజించినది: పాశ్చాత్యములు, ఆసియా లిపులు, సంక్లిష్ట లిపులు. చీనా, జపాను, కొరియాలు రెండవ తెగలోను, తెలుగు, బెంగాలీలు మూడవ తెగలోను చేరినవి. శ్రీరామపురములో ఒక కప్పు క్రింద నుండిన లిపులు ఇచ్చటను ఇరుగుపొరుగులుగానే యున్నవి.

పొరపాటు లిపిలో లేదనుటకు రెండు దృష్టాంతములు చాలును. కొరియా లిపిలో మూలాక్షరములు కొద్దియే. వానిని తెలుగువలెనే కూర్చి గుణింతములు చేయుదురు. 1996లో యూనికోడు కూర్చిన రూపములు 11,172 అన్నిటికిని వేరువేరు స్థానము లిచ్చెను. ఆ రూపములను ప్రతిమారును ముక్కలనుండి అతుకవలసిన శ్రమ దానితో తప్పెను. పలుకు పద్ధతి ఒకటియే యైనను ఏర్పాటును బట్టి యంత్రపు శ్రమ మారినదని దీనివలన తేలుచున్నది. ఇక రెండవది తెలుగునకు సంబంధించినది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను తెలుగు అక్షరము, నడుమ కంటికి కనబడని ఒక సంకేతముతో కూడి వచ్చినపుడు, ఆపిల్ సంస్థ ఫోనులలో సందేశములు చూపు కార్యక్రమములు కూలిపోయెను. ప్రపంచ పత్రికలన్నియు తెలుగు అక్షరము ఫోనును పడగొట్టెనని వ్రాసెను. కొలది దినములలోనే ఆ సంస్థ తన సాఫ్ట్‌వేరును సవరించెను. తెలుగు అక్షరము మారలేదు. యంత్రములోని దోషమే తొలగెను. మందగమనము విషయములోను ఇదియే న్యాయము.

అందుచేత ఈ చిక్కునకు గురియైనవారు నిరాశపడక, దోషము ఎచ్చట నున్నదో పరీక్షించుట మంచిది. అదే వాక్యమును నోట్‌ప్యాడు వంటి సాదా కార్యక్రమములో టైపు చేసి చూడవలెను. అచ్చట వేగముగా వచ్చినచో దోషము కార్యాలయ సాఫ్ట్‌వేరులోనో, ఆ పత్రములోనో యున్నది. అచ్చటను ఆలస్యమైనచో అక్షరముల నందించు ఉపకరణములోనో, యంత్రములోనో యున్నది. మొదటి దైనచో, ఆ లిపి గల ఫాంటునే ముందుగా ఎంచుకొనుట, టైపు చేయునంతసేపు వర్ణక్రమ పరీక్షను ఆపియుంచుట, వందల పుటల పత్రమును భాగములుగా విడదీయుట, పెద్ద పట్టికల నడుమ వ్రాయక విడిగా వ్రాసి చేర్చుట మేలు చేయును. సాఫ్ట్‌వేరు క్రొత్త కూర్పును తెచ్చుకొనుట మరియొక మార్గము. లిబ్రే ఆఫీసు 2017లో అక్షరములను కూర్చు యంత్రాంగమునే మార్చివేసెను. అన్నిటికంటె ముఖ్యమైనది దోషమును తయారీదారులకు తెలుపుట. ఏ లిపిలో, ఏ ఫాంటుతో, ఎన్ని పుటల పత్రములో ఆలస్యము కలిగెనో వివరముగా తెలిపిన చిన్న ఫిర్యాదు, గొణుగుకొనుటకంటె ఎక్కువ పని చేయును. ఫిర్యాదులు రాని లిపికి వాడుకరులు లేరనియే తయారీదారులు తలంతురు.

భారతీయ భాషలవారికి మరియొక సదుపాయము కలదు. 1986లో కేంద్రప్రభుత్వ ఎలక్ట్రానిక్సు శాఖ రూపొందించిన ఇన్‌స్క్రిప్టు కీబోర్డులో అన్ని భారతీయ లిపులకు ఒకే అమరిక. ఏ మీటపై బెంగాలీ కకారముండునో ఆ మీటపైననే తెలుగు కకారముండును. ప్రక్క బల్లవద్ద బెంగాలీ గుమాస్తా నేర్చిన వేళ్ల నడకయే తెలుగు గుమాస్తాకును పనికివచ్చును. ఇద్దరు కలసి అభ్యసింపవచ్చును. ఒకరి పొరపాటును ఒకరు దిద్దవచ్చును. పరభాషా ప్రాంతమున నుండు ఉద్యోగులకు ఇంతకంటె చక్కని సౌకర్య మేమి కలదు?

ఇరువదవ శతాబ్ది తొలి దశలలో చీనాలోనే కొందరు పండితులు, చిత్రాక్షరములను విడిచి రోమను లిపిని స్వీకరింపవలెనని గట్టిగా వాదించిరి. టైపురైటరు లొంగదనునది వారి వాదములలో నొకటి. 1958లో రోమను అక్షరములతో ఉచ్చారణ తెలుపు పిన్‌యిన్ పద్ధతిని ఆ ప్రభుత్వము ఆమోదించెను గాని, అది లిపిని తొలగింపలేదు. చివరకు ఆ పిన్‌యినే కంప్యూటరులో చిత్రాక్షరములను పిలుచు సాధనమయ్యెను. 1983లో వాంగ్ యోంగ్‌మిన్ అను ఇంజనీరు అక్షరపు అవయవములనుబట్టి టైపు చేయు ‘వూబీ’ పద్ధతిని ప్రకటించెను. అభ్యాసము గలవారికి ఒక్కొక్క అక్షరమునకు నాలుగు నొక్కులకు మించి అక్కరలేదు. లిపిని ఎరిగినవారు యంత్రము చెంత కూర్చుండిన పిదప యంత్రము వంగినది.

తెలుగున నేమి జరుగుచున్నది? 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ‘గౌతమి’ అను తెలుగు ఫాంటు కూడ వచ్చెను. తిరుమల కృష్ణదేశికాచార్యులు ‘పోతన’ ఫాంటును నిర్మించి ఉచితముగా పంచిపెట్టిరి. సాధనములు లేవను సాకు నేడు లేదు. అయినను దూరదేశములలో నుండు తెలుగువారు ఇంటికి వ్రాయు కుశలవార్తలు అనేకము రోమను లిపిలో నడచుచున్నవి. మొదట తొందర కొరకు విడిచిన లిపి పిమ్మట అలవాటు తప్పి, తరువాతి తరమునకు చదువరానిదగును. యంత్రపు ఆలస్యము అర సెకను; దానికి చెల్లించు మూల్యము ఒక తరపు అక్షరజ్ఞానము.

టాంగ్రా పత్రిక కథ ఇచ్చట మరల జ్ఞప్తికి రావలెను. 1962 యుద్ధము తరువాత దేశములోని చీనా సంతతివారిలో సుమారు 3000 మంది రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరమునకు పంపబడిరి. తరువాత అనేక కుటుంబములు కలకత్తా విడిచి విదేశములకు పోయెను. మిగిలినవారి పిల్లలు ఇంగ్లీషు చదువులలో చేరిరి. చేతివ్రాతతో చాలకాలము నిలిచిన ఆ పత్రిక, కంప్యూటరు చేతికి వచ్చిన పిమ్మట, 2020లో ఆగిపోయెను. మహమ్మారి వచ్చినది, సంపాదకుడు మరణించెను. అంతకుముందే చదువరులు తగ్గిపోయియుండిరి. యంత్రము మందముగా నున్నంతకాలము అది బ్రదికినది. యంత్రము వేగమందుకొనునప్పటికి వ్రాయువారును చదువువారును లేకపోయిరి.

కాబట్టి మహాశయులారా, యంత్రము నేడు మందమైనను రేపు వేగమందుకొనును. శ్రీరామపురములో కర్మకారులకును, చీనా టైపిస్టులకును అది లొంగినది; కోల్‌కతా గుమాస్తాలకును లొంగును. లిపిని మాత్రము దాని వారు ప్రతిదినము వ్రాయుచుండవలెను. కార్యాలయపు పని ఇంగ్లీషులో నడచుట అనివార్యము కావచ్చును. ఇంటికి వ్రాయు లేఖ, సంఘమునకు వ్రాయు ప్రకటన, సంచికకు వ్రాయు వ్యాసము తెలుగు లిపిలోనే టైపు చేయుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. మొదటి పుట ఆలస్యమగును. పదియవ పుటకు వేళ్లు దారి తెలిసికొనును. ఆలస్యము యంత్రముదని తెలిసినవారు ఆ మొదటి పుటను విడువక పూర్తిచేయుదురు గాక!